ముడి పడని ఇళ్లు

అందరికీ నమస్కారం. చిన్న ఊళ్లలో కొద్దిరోజులు మాత్రమే ఉండి మాయమయ్యే బహిరంగ కళ గురించి, క్రతువుతోనూ ఊరి జనంతోనూ దానికున్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం ఎత్తుకున్నవాళ్లు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: కళ ఊరిని ఏకం చేస్తుంది అని. ఆ మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఊరు ఏకమైనట్టు నటించడం చాలా తేలిక. ఒక సాయంత్రం వేళ నాలుగు దీపాలు, నాలుగు పాటలు, ఒక వేదిక, దాని మీద నలుగురు పెద్దమనుషులు ఉంటే చాలు. మర్నాడు ఎవరి గోడ వాళ్లదే, ఎవరి పగ వాళ్లదే.

నేను చెప్పదలచుకున్నది దీనికి దాదాపు ఎదురు మాట. తమ మధ్య ఉన్న తగవును దాచుకోమని అడగని కళే ఊరివాళ్ల చేత కలిసి ఒక పని చేయించగలిగింది. ఇందుకు నాకు తెలిసిన ఉదాహరణల్లో అన్నిటికన్నా గట్టిది ఇటలీలోని ఒక కొండ ఊరిలో ఉంది. ఎక్కువసేపు అక్కడే ఉంటాను. మిగతావాటిని దారిలో పలకరిస్తూ వెళ్దాం.

ఆ ఊరి పేరు ఉలస్సాయి. సార్డీనియా దీవికి తూర్పు వైపున ఓల్యాస్త్రా అనే ప్రాంతంలో ఉంది. సున్నపురాతి కొండ గోడలా నిటారుగా లేచిన చోట, దాని పాదాల దగ్గర ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇప్పుడక్కడ ఉండేది పదిహేను వందల మంది లోపే. కొండ అందంగానే ఉంటుంది. అయితే దాని చరియలు ఎప్పుడు విరిగి పడతాయోనన్న భయం కూడా ఆ ఊరివాళ్లకు పుట్టుకతోనే వస్తుంది. మరియా లాయి అనే కళాకారిణి 1919లో ఆ ఊళ్లోనే పుట్టారు. రోములో, ఆ తర్వాత వెనిస్‌లో శిల్పి ఆర్తూరో మార్తీని దగ్గర చదువుకున్నారు. దారంతో, గుడ్డతో, మగ్గంతో పనిచేసే కళాకారిణిగా పేరు తెచ్చుకున్నారు. ఊరు వదిలి చాలాకాలమైంది. అలాంటి సమయంలో ఊరి మేయరు ఆమెకు కబురు పెట్టారు. యుద్ధంలో చనిపోయినవారికి ఒక స్మారకం కట్టాలి, మీరే చేసిపెట్టండి అన్నారు.

ఆమె ఒప్పుకోలేదు. చనిపోయినవారి కోసం కాదు, బతికున్నవారి కోసం ఏదైనా చేస్తానన్నారు. వినడానికి బాగుంది కానీ, ఒక మేయరు చెవితో విని చూడండి. ఆయన అడిగినది రాయి. రాతికి కొలత ఉంటుంది, ఖర్చు ఉంటుంది, ఆవిష్కరణకు ఒక తేదీ ఉంటుంది. ఈవిడ ఇస్తానంటున్నదానికి ఇంకా రూపమే లేదు. ఆ ప్రతిపాదనను ఊరు వెంటనే నెత్తిన పెట్టుకోకపోవడం సహజం. రాతికి బదులు ఆమె ఊరిముందు పెట్టినది ఒక కథ.

ఆ కథ ఊళ్లో అందరికీ తెలుసు. కొండమీద ఉన్న పశువుల కాపరులకు రొట్టె ఇచ్చి రమ్మని ఒక చిన్నపిల్లను పంపిస్తారు. పైకి వెళ్లేసరికి ఉరుములు, మెరుపులు, వాన. కాపరులు మందతో సహా ఒక గుహలో తలదాచుకుంటారు, పిల్ల కూడా వాళ్లతోనే ఉంటుంది. ఇంతలో గుహ బయట గాలిలో ఒక నీలి రిబ్బను ఎగురుతూ పోవడం ఆమె కంటపడుతుంది. కాపరులకు అదొక వింత మెరుపు, అంతే. పిల్ల మాత్రం ఆ రిబ్బను వెంట బయటికి పరుగెత్తుతుంది. వెనక గుహ కూలిపోతుంది. కాపరులు, మంద అన్నీ దాని కింద పడిపోతాయి. పిల్ల ఒక్కతే బతుకుతుంది.

లాయి ఈ కథను కళ గురించిన కథగా చదువుకున్నారు. ఎందుకూ పనికిరాని ఒక అందమైన వస్తువు ఒక ప్రాణాన్ని కాపాడింది కదా అని. నాకు అందులో మరొకటి కూడా కనిపిస్తుంది. గుహలో అందరూ కలిసే ఉన్నారు. కలిసి ఉండటం వాళ్లను కాపాడలేదు.

ఇక ఆమె చేసిన ప్రతిపాదన. నీలిరంగు జీన్స్ గుడ్డను పీలికలుగా చింపి, ఆ పీలికను ఊళ్లో ప్రతి ఇంటికీ కడుతూ పోయి, చివరికి కొండకు కట్టాలి. ఇంటికి ఇల్లు, ఇళ్లన్నీ కొండకు. అంతే. వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. అవి కళ గురించినవి కావు. పక్కింటివాళ్లతో మాకు మాటల్లేవు, వాళ్ల ఇంటికీ మా ఇంటికీ ముడి ఎలా వేస్తాం? ఇదీ ప్రశ్న. చిన్న ఊళ్లో తగవుకు జ్ఞాపకశక్తి ఎక్కువ. సరిహద్దు గోడ, పొలం గట్టు, పెళ్లి, ఆస్తి పంపకం, తాతల నాటి ఒక మాట, వీటిలో ఏదైనా చాలు. అందుకే ఒప్పించడానికి ఏడాదికి పైగా పట్టింది. ఈ ఏడాదిని చాలా వ్యాసాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నా లెక్కలో మాత్రం కళాఖండంలో సగం ఆ ఏడాదే.

దారి దొరికింది ఒక నియమం వల్ల. రెండిళ్ల మధ్య పడని చోట రిబ్బను ముడి లేకుండా నేరుగా సాగిపోతుంది. స్నేహం ఉన్న చోట ముడి వేస్తారు. ప్రేమ ఉన్న చోట ఆ ముడికి ఒక రొట్టెను కూడా కడతారు. పండగలకూ పెళ్లిళ్లకూ ఆ దీవివాళ్లు నగిషీలు చెక్కి చేసుకునే రొట్టె అది.

ఈ నియమం దగ్గర కాస్త ఆగుదాం. ఎవరినీ రాజీ పడమని ఇది అడగలేదు. శత్రువుతో చేతులు కలపమనలేదు, క్షమించమనలేదు. మీ పగను మీరే ఉంచుకోండి, కానీ రిబ్బనును మీ గోడ మీదుగా పోనివ్వండి, అన్నది. పగకు కూడా అందులో ఒక చోటు ఇచ్చింది. ముడి పడని ఇల్లు ఆ పనిలోంచి బయటికి పోలేదు. అదీ ఆ గీతలో ఒక భాగమే, తన వంతు గుడ్డను తానూ మోసింది. పైగా ఆ తగవు ఇప్పుడు నీలిరంగులో, పట్టపగలు, వీధిలో అందరికీ కనిపించేలా ఉంది. చాటుమాటు మాటలకు అవకాశం లేదు. నేరుగా పోయే రిబ్బను ముందు నిలబడి, ఇక్కడ ఒక ముడి వేద్దామా వద్దా అని రెండిళ్లవాళ్లూ తేల్చుకోవలసిందే. ప్రతి గుమ్మం దగ్గర ఒక నిర్ణయం. ఎవరి నిర్ణయం వారిదే, అయినా చూసేది ఊరంతా.

1981 సెప్టెంబరు 8న ఆ పని జరిగింది. గుడ్డ ఇచ్చింది ఊళ్లోని వ్యాపారే. మొత్తం రిబ్బను పొడవు దాదాపు 27 కిలోమీటర్లు. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు బాల్కనీల నుంచి, కిటికీల నుంచి, మేడల మీద నుంచి గుడ్డను అందుకుని అవతలికి విసిరారు. కొండలెక్కడం తెలిసినవాళ్లు దాన్ని ఊరి మీదకు వంగినట్టుండే గెదిలి కొండ పైకి తీసుకుపోయారు. భయపెట్టే కొండనే ఊరు తనకు కట్టుకుంది. దీని ప్రయోజనం ఏమిటని ఎవరైనా అడిగితే, కొండచరియను ఏ గుడ్డా ఆపదన్న సంగతి అక్కడ అందరికన్నా ఆ ఊరివాళ్లకే బాగా తెలుసు.

పియెరో బెరెంగో గార్దిన్ తీసిన నలుపు తెలుపు ఫోటోలు మిగిలాయి. వాటిలో రిబ్బనుకు మాత్రం లాయి తర్వాత చేత్తో నీలిరంగు వేశారు. ఇప్పుడు ప్రదర్శనశాలల్లో మనం చూసేవి అవే. చాలా అందమైన ఫోటోలు, అదే వాటితో వచ్చిన ఇబ్బంది కూడా. ఫోటోలో ముడి ఉన్న ఇల్లూ ముడి లేని ఇల్లూ ఒకేలా ముచ్చటగా ఉంటాయి. ఏ రెండిళ్ల మధ్య గుడ్డ నేరుగా పోయిందో, ఎందుకు పోయిందో ఊరికి తెలుసు, మనకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. ఆ పనికి ప్రేక్షకులంటూ వేరే ఎవరూ లేరు.

క్రతువు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్రతువు అనగానే ఐక్యత, భక్తి, సామరస్యం అని మనకు వెంటనే తోస్తుంది. మానవశాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ 1950లలో ఆగ్నేయ ఆఫ్రికా సమాజాల గురించి రాస్తూ దీన్ని తలకిందులు చేశారు. కొన్ని క్రతువుల్లో రాజును బహిరంగంగా ద్వేషిస్తారు, ఆడవాళ్లు మగవాళ్ల అధికారాన్ని ఎగతాళి చేస్తారు. ఆయన వాటిని తిరుగుబాటు క్రతువులన్నారు. తగవును అణచకుండా, దానికి ఒక రోజూ ఒక పద్ధతీ కేటాయించడమే ఆ క్రతువు చేసే పని. అలా చేయడం వల్ల చివరికి ఉన్న వ్యవస్థే బలపడుతుందని కూడా ఆయన వాదించారు. ఆ రెండో సగం మీద తర్వాతివాళ్లు చాలా విమర్శలు చేశారు, నాకూ అది పూర్తిగా మింగుడుపడదు. మొదటి సగం మాత్రం ఉలస్సాయికి సరిగ్గా సరిపోతుంది. క్రతువు మన మనసులో ఏముందని అడగదు. చేతులతో ఏం చేయాలో చెబుతుంది. మనసు మారితే తర్వాత మారుతుంది, మారకపోతే లేదు.

మన కాలపు సాముదాయిక కళలో చాలా భాగం నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. అది ముందుగా మనసునే అడుగుతుంది. మీ ఊరంటే మీకెంత ప్రేమో ఈ కాగితం మీద రాయండి, ఈ గోడ మీద మీ అరచేతి ముద్ర వేయండి, అందరం ఒక్కటే అనండి. కాగితం మీద అందరూ మంచివాళ్లే. విమర్శకురాలు క్లెయిర్ బిషప్ 2004లో దాదాపు ఇదే ప్రశ్న వేశారు: మనుషుల మధ్య సంబంధాలనే కళగా చూపించే పనుల్లో ఆ సంబంధాలు ఎవరి మధ్య, ఎలాంటివి, ఎవరు బయట మిగిలారు అని. ఆ రకం కళకు 1990లలో యూరప్‌లో ఒక పేరూ ఒక సిద్ధాంతమూ తయారయ్యాయి. అప్పటికి పదేళ్లు దాటింది ఉలస్సాయిలో పని జరిగి. సిద్ధాంతకర్తల చూపు అప్పట్లో ఆ కొండదాకా పోలేదు.

అదే 1981లో సముద్రానికి అవతల న్యూయార్కులో ఇంకొక పని జరిగింది. రిచర్డ్ సెరా చేసిన 'టిల్టెడ్ ఆర్క్', 120 అడుగుల పొడవూ 12 అడుగుల ఎత్తూ ఉన్న ఉక్కు గోడ, ప్రభుత్వ కార్యాలయాల ముందున్న ఆవరణకు అడ్డంగా వెలిసింది. శాశ్వతంగా ఉండాలని పెట్టారు. రోజూ ఆ ఆవరణలో నడిచేవాళ్లలో చాలామందికి అది నచ్చలేదు. 1985లో బహిరంగ విచారణ జరిగింది. ఉంచాలని 122 మంది, తీసేయాలని 58 మంది మాట్లాడారు, అయినా తీసేయమనే కమిటీ సిఫారసు చేసింది. 1989లో రాత్రికి రాత్రి దాన్ని ముక్కలుగా కోసి తరలించారు. సెరా గొప్ప శిల్పి, ఆ గోడ గొప్ప శిల్పమే కావచ్చు, ఆయన తరఫున వాదించమంటే నేనూ వాదించగలను. కానీ అక్కడ తగవు పని పూర్తయ్యాక బయటికి వచ్చింది, దానికి శిల్పంలో చోటు లేదు.

దీనికి పక్కన పెట్టి చూడవలసినది క్రిస్టో, జాన్-క్లాడ్ అనే కళాకార దంపతులు 1976లో కాలిఫోర్నియాలో నిలబెట్టిన 'రన్నింగ్ ఫెన్స్'. తెల్లటి నైలాన్ గుడ్డతో 5.5 మీటర్ల ఎత్తు, దాదాపు 40 కిలోమీటర్ల పొడవు. సొనోమా, మరీన్ కౌంటీల కొండల మీదుగా, వ్యాలీ ఫోర్డ్ అనే చిన్న ఊరి మధ్యలోంచి పోయి పసిఫిక్ సముద్రంలో దిగింది. నిలిచింది 14 రోజులు. దానికి ముందు 42 నెలల తతంగం నడిచింది. 59 మంది పశుపోషకుల భూముల మీదుగా పోవాలి కాబట్టి ప్రతి ఒక్కరి వంటింట్లోనూ కూర్చుని ఒప్పించారు. 18 బహిరంగ విచారణలు, కోర్టులో మూడు వాయిదాలు, 450 పేజీల పర్యావరణ ప్రభావ నివేదిక. ఆ విచారణల్లో పశువులు మేపుకునేవాళ్లు లేచి అందం గురించి వాదించారు. ఒకరు ఇది కళ కాదంటారు, ఇంకొకరు నేను చేసే వంట కూడా కళే కదా అంటారు. ఈ వాదులాటంతా కళలో భాగమేనని ఆ దంపతులు మొదటినుంచీ చెబుతూ వచ్చారు. గుడ్డ దించాక స్తంభాలూ గుడ్డా అన్నీ ఆ భూమి యజమానులకే ఇచ్చేశారు. పశుపోషకుడికి స్తంభం ఎప్పుడూ పనికొచ్చే వస్తువే.

అదే దంపతుల ఊహ ఇటలీలోని ఇజెయో సరస్సు మీద 2016లో నిజమైంది. అప్పటికి జాన్-క్లాడ్ లేరు. సుల్జానో అనే చిన్న ఊరి నుంచి మోంతే ఇజోలా దీవికి నీళ్ల మీద పసుపుపచ్చ గుడ్డ పరిచిన మూడు కిలోమీటర్ల నడకదారి. మామూలుగా పడవ తప్ప దిక్కులేని దీవివాళ్లు పదహారు రోజుల పాటు నడిచి ఒడ్డుకు వచ్చారు. వాళ్లతోపాటు పన్నెండు లక్షల మంది సందర్శకులూ నడిచారు. రద్దీ తట్టుకోలేక రాత్రివేళ దారి మూసేయవలసి వచ్చింది. అద్భుతమైన దృశ్యం, కాదనను. కానీ ఊరు అక్కడ ఆతిథ్యం ఇచ్చే ఇల్లయిపోయింది. రెండు వేల మందైనా లేని ఊరి మీదకు లక్షల మంది వచ్చినప్పుడు ఊరివాళ్లు తమలో తాము తేల్చుకోవడానికి ఏం మిగులుతుంది, పార్కింగు తప్ప?

పగ గురించి మాట్లాడుతూ ఉత్తర ఐర్లండ్‌ను వదిలేయలేం. డెర్రీ చిన్న ఊరు కాదు, నగరమే. అయినా మన విషయానికి అవసరం. ఫోయిల్ నదికి ఒక ఒడ్డున ఎక్కువగా కాథలిక్కులు, మరో ఒడ్డున ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉండే నగరం. 1972 జనవరి 30న బ్రిటిష్ సైనికులు నిరాయుధులైన నిరసనకారుల మీద కాల్పులు జరిపి 13 మందిని చంపింది అక్కడే. గాయపడినవారిలో ఒకరు తర్వాత చనిపోయారు. అక్కడ మంట అంటే ఉత్త మంట కాదు. జూలై 11 రాత్రి ఒక వర్గం, ఆగస్టు 15న రెండో వర్గం పెద్ద పెద్ద మంటలు వేస్తాయి, అవతలివాళ్ల జెండాలను అందులో పడేస్తాయి. అలాంటి చోటికి అమెరికా కళాకారుడు డేవిడ్ బెస్ట్ 2015లో వచ్చి, నగరం పైనున్న ఒక మిట్ట మీద 70 అడుగులకు పైగా ఎత్తున్న చెక్క మందిరం కట్టి తగలబెడతానన్నారు. నెవాడా ఎడారిలో ఏటా జరిగే బర్నింగ్ మ్యాన్ ఉత్సవంలో 2000 నుంచి ఆయన ఇలాంటి మందిరాలు కడుతూ వచ్చారు. ప్రమాదంలో పోయిన ఒక యువ సహచరుడి జ్ఞాపకంతో మొదలైన పని అది.

ఎడారిలో పనికొచ్చినది ఇక్కడ బెడిసికొట్టడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. నేను దాన్ని మెచ్చుకునేది ఎందుకంటే, రెండు వర్గాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి కరచాలనం చేయించలేదు. ఇరుపక్కల యువకులతోనూ కలిసి ఆ చెక్కలను చెక్కించారు. తలుపులు తెరిచాక, ఎవరికి వారు పోయినవారి పేర్లు, ఫోటోలు, చెప్పలేకపోయిన మాటలు లోపల వదిలి వెళ్లవచ్చు. నియమం అంతే. ఎవరి దుఃఖం ఎవరిదో, ఎవరి మీద కోపమో ఎవరికీ చెప్పనక్కరలేదు. మార్చి 14న తెరిచి 21న కాల్చేశారు. ప్రత్యర్థిని తిట్టడానికి నేర్చుకున్న మంట విద్యే ఆ రాత్రి వేరే పనికి వచ్చింది. దీంతో నగరం మారిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ తర్వాత కూడా జూలైలో పాత మంటలు వెలిగాయి.

ఈ రకం కళ మీద ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది. పాలకులకు ఇది చవకగా తప్పించుకునే దారి. నీళ్లు రావు, బస్సు రాదు, ఆస్పత్రి మూతపడింది, అయినా పదిరోజుల కళా ఉత్సవం ఉంది, పత్రికల్లో ఫోటోలొస్తాయి. తాత్కాలిక కళకు మరమ్మతు ఖర్చు కూడా ఉండదు కాబట్టి కొందరికి మరీ ముద్దు. ఈ ఫిర్యాదుకు వాదనతో సమాధానం చెప్పలేం. ఉలస్సాయిలో ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పగలను. రిబ్బను కట్టిన మరుసటి ఏడాదే లాయి ఊరి చాకిరేవు మీద పని మొదలుపెట్టారు. ఆడవాళ్లు బట్టలుతుక్కునే పాత కట్టడం అది. దాని పైకప్పుకు ఒక పెద్ద మగ్గంలా దారాలు కట్టారు. శిల్పి కోస్తంతీనో నివోలా, అక్కడ నీళ్లు శబ్దం చేస్తూ పారే ఫౌంటెను చేశారు. ఇంకొందరు కళాకారులూ వచ్చారు. ఆ తర్వాత ఊరి వీధుల్లో, రోడ్డు పక్క గోడల మీద లాయి పనులు ఒక్కొక్కటే పెరిగాయి. రైళ్లు ఆగిపోయిన పాత స్టేషను 2006లో ఆమె కళకు ప్రదర్శనశాల అయింది. 2013లో ఆమె చనిపోయారు. వెనిస్ బియెన్నాలే, డాక్యుమెంటా వంటి పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనలు ఆమెను ఘనంగా తలచుకున్నది 2017లో, ఆమె పోయిన నాలుగేళ్లకు.

యుద్ధ స్మారకం కట్టి ఇచ్చి వెళ్లిపోయి ఉంటే ఊరు ఆమెను రెండోసారి పిలిచేదా అని నాకు అనుమానం. ఇంకోమాట, ఆమె ఆ రిబ్బనును ఏటా జరిగే పండగగా మార్చలేదు. మార్చమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, పర్యాటక శాఖలు ఉన్నంతకాలం. ఏటా కట్టే రిబ్బనులో ముడి ఎక్కడ వేయాలో ముందే తెలిసిపోతుంది. పోయినేడు వేసిన చోటే వేస్తారు.

కాబట్టి మీలో ఎవరైనా ఒక చిన్న ఊళ్లో ఇలాంటి పని తలపెడితే, బొమ్మ గీయడానికి ముందు నియమం రాసుకోండి. అది ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి, చదువురానివాళ్లు కూడా పక్కవాళ్లకు చెప్పగలగాలి. అందులో 'కాదు' అనేవాళ్లకు చోటుందో లేదో చూసుకోండి. నిరాకరించినవారి ఇల్లు మీ బొమ్మలో ఖాళీగా కనిపిస్తే నియమం ఇంకా సరిపోలేదన్నమాట, మళ్లీ రాయండి. ఒప్పించే కాలానికి బడ్జెట్టు పెట్టండి. నిధులిచ్చేవాళ్లు దాన్నే ముందు కొట్టేస్తారు, ఎందుకంటే దానికి ఫోటోలుండవు. అయిపోయాక సామాను ఎవరి ఇంటికి పోతుందో మొదటి రోజే తేల్చండి. సహకరించని మేయర్ల గురించి, పోలీసు అనుమతుల గురించి నేను ఏమీ చెప్పలేదు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు అప్పుడే చేతులెత్తారు కాబట్టి అక్కడి నుంచే ప్రశ్నలు మొదలుపెడదాం.